మాట పలికించే గ్లాసు

ఆర్యపల్లి అనే జాలరి ఊళ్లో గురువమ్మ నోటికి జడవని మనిషి లేడు. ఎండు చేపల గంపతో బరంపురం గేట్ బజార్‌లో దిగిందంటే ఒడియాలో అయినా తెలుగులో అయినా చివరి మాట ఆమెదే. అంత నోరున్న మనిషికి లోకంలో ఒక్కటే భయం. ఇంట్లో మగాడు మాట్లాడకుండా కూర్చోవడం.

ఆ భయం ఊరికే రాలేదు. మొగుడు జగ్గన్న అలాగే కూర్చునేవాడు. గోడకు జేరబడి, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, పిలిచినా పలికేవాడు కాదు. కొత్త కోడలు గురువమ్మ బెంబేలెత్తిపోతుంటే అత్తగారు ఒక గ్లాసులో సారా పోసి చేతికిచ్చింది. "ఇది తాగించు, ఆడే పలుకుతాడు" అంది. నిజంగానే పలికాడు. నవ్వాడు, పాటలు పాడాడు. అలా పాడుతూ పాడుతూనే కొన్నేళ్లకు కడుపు ఉబ్బి కన్నుమూశాడు. గురువమ్మ సముద్రాన్ని తిట్టింది, దేవుణ్ణి తిట్టింది, గ్లాసును మాత్రం ఏమీ అనలేదు.

ఫైలిన్ తుపానులో పడవ పోయాక కొడుకు మసేను అదే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వల ముట్టడు. తిండి సయించదు. ఊళ్లో వాళ్లు వచ్చి ధైర్యం చెప్పి, పనైపోయినట్టు వెళ్లిపోయారు. తల్లి ప్రాణం ఊరుకోదు కదా, అత్తగారు నేర్పిన విద్యే బయటికి తీసింది. గొంతులో సారా పడగానే కొడుకు "అమ్మా" అన్నాడు. ఆమెకు లంకెబిందెలు దొరికినంత సంబరమైంది.

ఆ సంబరం తెల్లారేసరికి ఇంకిపోయేది. లేచిన మసేను నిన్నటికంటే దిగాలుగా ఉండేవాడు, మళ్లీ పోయాల్సి వచ్చేది. కోడలు మంగమ్మ చూసి చూసి ఒక సాయంత్రం సీసా తీసుకెళ్లి ఇసుకలో ఒంపేసింది.

"ఏటే, నా కొడుకు నోరు మూసేస్తన్నావు?" అంది గురువమ్మ.

"తాగి ఆడేటి మాటాడతాడత్తా? ఊసుపోని కబుర్లు. ఆడికేటి బాదో ఒక్కనాడైనా సెప్పినాడా? మామకేటి బాదో నీకు తెల్సా? రేపు బరంపురం పెద్దాసుపత్రిలో సూపిద్దాం."

గురువమ్మ అన్నేళ్లు కాపురం చేసింది. జగ్గన్న పాటలన్నీ తెలుసు, బాధ ఒక్కటీ తెలియదు. అది తట్టగానే ఆసుపత్రికి సరేనంది.

పొద్దున్నే మంగమ్మ ఆటో తేవడానికి వెళ్లింది. గురువమ్మ చిరిగిన వల ఒడిలో వేసుకుని కొడుకు పక్కన చేరింది. మసేను "కొంచెం పొయ్యమ్మా" అన్నాడు. ఆమె కదల్లేదు. బజారంతా దద్దరిల్లజేసే నోరు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసొచ్చింది. చివరికి మసేను నేలకేసి చూస్తూ అన్నాడు.

"నాకు బతకాలని నేదమ్మా. పడవ పోకముందునుంచీ నేదు."

మత్తు లేకుండా కొడుకు తన బాధ చెప్పుకున్న మొదటి మాట అది. ఆ మాట వినలేక ఆమె చెయ్యి అలవాటుగా గ్లాసున్న గూటివైపు లేచింది. ఆ చేతినే వెనక్కి తెచ్చి కొడుకు వీపు మీద వేసింది.

"ఇంకా సెప్పు నాయినా," అంది. "ఇంటన్నాను."