రీమేక్‌లో మేక

ఆ రోజుల్లో మా ఊరు ఎల్లారెడ్డిలో ఇంగ్లీషు వచ్చినవాడికి ఎంత గౌరవం ఉండేదో, వచ్చినట్టు నటించేవాడికీ అంతే ఉండేది. ఆ రెండో రకంలో నాది ముందు వరస. అప్పుడే డిగ్రీ ముగించి ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు సారుగా కుదిరాను. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా నాదే రాజ్యం. పుస్తకంలోని ఇంగ్లీషును చదవగలను, బోర్డు మీద గుండ్రంగా రాయగలను, కానీ ఎవరైనా నోటితో మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క చెవిన పడేది కాదు. (ఈ సంగతి బడిలో తెలిసినా ఫరవాలేదు, అక్కడ అందరిదీ అదే బాపతు.) ఇంట్లో తెలియకూడదు. ఎందుకంటే మా అవ్వ, అంటే మా అమ్మ, మేకలు కాసి నన్ను చదివించింది. నేను ఒక్కో క్లాసు ఎక్కుతుంటే మందలోంచి ఒక్కో మేక సంతకు పోయేది. డిగ్రీ చేతికొచ్చేసరికి కొట్టంలో రెండే మిగిలాయి. "నా మేకలన్నీ నీ నాలిక మీదున్నయి బిడ్డా, జెర పైలం" అనేది అవ్వ.

నా చిన్నప్పుడు పక్కింటి టీవీలో ఒక పాత ఇంగ్లీషు హాస్య సినిమా తెలుగు మాటలతో వచ్చింది. దొంగతనానికి వచ్చిన ఒక మీసాలాయనను ఆ ఇంటివాళ్లు కొత్త వంటమనిషి అనుకుని గరిటె చేతికిస్తారు, అదీ కథ. అవ్వా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. అదే సినిమాను హాలీవుడ్ వాళ్లు మళ్లీ కొత్తగా తీశారనీ, కామారెడ్డిలో ఆడుతోందనీ మా బడి సైన్సు సారు చెప్పాడు. అవ్వను తీసుకుపోవాలనిపించింది.

"అవ్వా, మనం చూసిన దొంగ వంటోని సినిమా యాదికున్నదా? దాని రీమేక్ వచ్చిందట" అన్నాను.

"ఏందీ, మేకనా?" అవ్వ చేతిలో చేట పక్కన పెట్టింది. "గా సినిమాల మేక లేకుండె గదరా! గిప్పుడు పెట్టిన్రా?"

అప్పుడే సరిదిద్దాల్సింది. కానీ సినిమా అంటే "నాకెందుకు రా" అనే మనిషి, మేక అనగానే పెండ్లిళ్లకు మాత్రమే కట్టే చీర తీసింది. ఆ ముఖం చూసి, "ఆ, పెట్టిన్రట" అనేశాను.

ఆదివారం మార్నింగ్ షోకు పోయి కూర్చున్నాం. బయట పోస్టరు తెలుగులోనే ఉంది, లోపల తెర మీద మాత్రం అందరూ ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. జనం గోల చేస్తే గేటు దగ్గరి మనిషి వచ్చి, "తెలుగుది రాలేదు, ఇంగ్లీషుదే ఏస్తున్నం, ఉండేటోళ్లు ఉండుండ్రి" అని పోయాడు. మా వరసలో వాళ్లు లేవబోయారు. మా అవ్వ ఊరుకుంటేనా!

"ఓ అన్నా, యాడికి పోతరు? కూసోండ్రి. మా కొడుకు ఇంగ్లీషు సారు. మాటకు మాట చెప్తడు."

లేచినవాళ్లు కూర్చున్నారు. సదాశివనగర్ నుంచి వచ్చిన తలకు రుమాలు చుట్టిన ఒక పెద్దాయన, "జెర గట్టిగ చెప్పుండ్రి సారూ" అంటూ వెనక సీటు నుంచి నా భుజం మీదికి వంగాడు. ఇక తప్పించుకునే దారి లేదు. అయినా పాత కథ తెలుసు కదా అన్న ధీమాతో మొదలుపెట్టాను. తెర మీద మీసాలాయన కనబడగానే "ఇగో, ఈనే దొంగ" అని ప్రకటించాను. రెండు సీన్లు గడిచేసరికి ఆ మీసాలాయన జేబులోంచి బేడీలు తీశాడు. పోలీసట! ఇంటివాళ్లు గరిటె ఇచ్చింది వేరే ఒక అమ్మాయికి. హాలీవుడ్ వాళ్లు నాకు మాటైనా చెప్పకుండా దొంగను ఆడమనిషిని చేశారు.

"ఏం సారూ, దొంగ బేడీలేస్తుండేంది?" అన్నాడు పెద్దాయన.

"మారిండు. మంచోడైండు" అన్నాను.

ఇది చాలదన్నట్టు అవ్వ పది నిమిషాలకోసారి నా మోచేయి పొడుస్తోంది. "మేక ఎప్పుడస్తదిరా?" "ఇంటర్వెల్ అయినంక." ఇంటర్వెల్ అయింది, సమోసాలు అయ్యాయి. "ఇగ అస్తదా?" చివరికి వంటగదిలోకి తెల్లటి జూలుతో, కొంచెం గడ్డంతో ఒక జంతువు దూకింది. నా ప్రాణం లేచొచ్చింది. "అగో అవ్వా, మేక!"

అవ్వ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. తర్వాత హాలంతా వినబడేట్టు అంది: "నలుబై ఏండ్ల సంది మేకలు కాస్తున్నరా నేను. గది కుక్క!"

ఆ రోజు ఆ సినిమాకు అంత నవ్వు మళ్లీ రాలేదు. పెద్దాయన రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. మేకను కుక్క అని నమ్మించిన దొంగల కథ మన ఇండ్లలో అందరూ విన్నదే. కుక్కను మేక అని, అదీ మేకలు కాసే మనిషికే చెప్పిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తిరుగు బస్సులో అవ్వ టికెట్లు కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత మెల్లగా అంది: "ఆడ సినిమాల అందరు నవ్వినంకనే నువ్వు నవ్వినవు బిడ్డా. నేను సూడలేదనుకున్నవా? నీకు గా మాటలు సమజైతలేవు."

"సగం గూడ కాలే అవ్వా" అన్నాను తల దించుకుని. నిజానికి పావు కూడా కాలేదు.

"కాకుంటే ఏమాయె? నేర్సుకుంటవు. తెల్వంది తెల్వదని చెప్పు. బళ్లె పిల్లలకు కుక్కను మేకని చెప్తే నా మేకల ఉసురు తాకుతది."

తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో నా చెవులు ఎల్లారెడ్డి దాకా వేడిగానే ఉన్నాయి. ఆ వారమే ఒక పాత రేడియో కొని, ఇంగ్లీషు వార్తలు వినడం మొదలుపెట్టాను.

ఇప్పుడు పెద్ద బడిలోనే చెప్తున్నాను. పిల్లలు తెలియని మాట అడిగితే "తెల్వదు, రేపు చూసి చెప్త" అంటాను. మొన్నీమధ్య ఆ రీమేక్ టీవీలో వచ్చింది, ఈసారి తెలుగులో. అవ్వా నేనూ చూస్తున్నాం. వంటగదిలోకి ఆ తెల్ల కుక్క దూకింది. వెంటనే ఆ ఇంటి పిల్ల కేక వేసింది: "మేకా! ఇటు రా మేకా!"

గడ్డం ఉందని ఆ కుక్కకు మేక అని పేరు పెట్టుకున్నారట. అంటే ఆ రోజు హాల్లో ఆ పిల్ల "గోట్, గోట్" అని గొంతు చించుకుని అరిచిందన్నమాట. రోజూ ఒకటో తరగతిలో జీ ఫర్ గోట్ అని పాడించే సారుకు ఆ ఒక్క మాట వినబడలేదు!

అవ్వ నా వైపు తిరిగింది. "అయ్యో, గప్పుడు నువ్వు నిజమే చెప్పినవు గదరా! నేనే నలుగుట్ల నీ ఇజ్జత్ దీసిన."

ఇన్నేళ్ల తర్వాత పోయిన పరువు దానంతటదే ఇంటికి నడిచొచ్చింది. ఊ అంటే చాలు. ఇరవై రెండేళ్ల ఆ ఇంగ్లీషు సారు నాలో ఎక్కడో ఆశగా లేచి నిలబడ్డాడు కూడా.

"లేదవ్వా," అన్నాను. "గప్పుడు నాకు తెల్వదు. ఊకె అన్న."

అవ్వ పకపకా నవ్వింది. "ఇగో, గిప్పుడచ్చింది కొడుకా నీకు ఇంగ్లీషు."

తెర మీద ఏం జరిగిందో నేను చూడలేదు. ఈసారి మాత్రం అవ్వతో పాటే నవ్వాను.