మామ పికప్పును మూడంగుళాలు ఎత్తిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున సూళగిరి పక్కన మా మామ ఇంటి ముందు ఉన్నవి ఇవి: తొమ్మిదేళ్ల పాత పికప్పు ఒకటి, జాకీలు రెండు (ఒకటి నూనె కారేది), ముందు స్ప్రింగుల మీద పెట్టడానికి హోసూరు లేత్‌షాపులో చేయించిన ఇనుప స్పేసర్లు రెండు, వెనక కమాన్‌కట్టల (పట్టీ స్ప్రింగుల) కింద పెట్టే ఇనుప దిమ్మెలు రెండు, పొడవాటి యూ-బోల్టులు నాలుగు, ముసురు పట్టిన ఆకాశం, మామ, నేను. నా చేతిలో ఒక టేపు, ఒక నోటుపుస్తకం. నాకు ఇరవై ఒకటి. కృష్ణగిరిలో డిప్లొమా అప్పుడే పూర్తయింది. సరిగ్గా కొలిస్తే చాలు, ఏ కష్టమైనా లొంగుతుందని నేను గట్టిగా నమ్మిన కాలమది. (ఉద్యోగం ఇంకా దొరకలేదు కాబట్టి ఆ నమ్మకానికి అడ్డు చెప్పేవాళ్లు లేరు.)

మామకు రోజూ ఖాయంగా దొరికే లోడు ఒక్కటే, వంక (మా వైపు వాగును అట్లే అంటారు) అవతలి టమోటా తోటది. ఆ ఏడు వానలకు వంకలో రాళ్లు తేలి, ప్రతి ట్రిప్పుకూ బండి అడుగు గీసుకుపోయేది. రెండుసార్లు సైలెన్సర్ ఊడింది. రెండుసార్లూ కాయ మార్కెట్టుకు ఆలస్యంగా చేరింది. తోటాయన మొహం మీదే చెప్పేశాడు: "చూడప్పా, సోమవారం గూడా ఇట్లే అయితే నేను వేరే బండి చూసుకుంటా. మాగిన కాయ నీ కోసం ఆగదు." ఆ లోడు పోతే బండిని నిలుపుకోవడం మామవల్ల కాదు. ఆ రోజు ఆయన కంచం ముందు కూర్చుని ముద్ద కలిపాడు గానీ తినలేదు. సరిగ్గా అప్పుడే నేను నోరు తెరిచాను.

"బండిని ఎత్తేద్దాం మామా."

"ఎత్తి యాడ పెడ్తావు అల్లుడూ?"

"మూడంగుళాలు పైకి. రాయి తగలదు. కంపెనీ కిట్టు కొనే పనే లేదు, చవగ్గా నేనే చేసేస్తా."

మామ తల ఎత్తి నా వైపు చూశాడు. (వేరే దారి లేని మనిషి చూపు అది. నేను మెచ్చుకోలు అనుకున్నాను.)

స్ప్రింగు కుదింపు, బ్రేకు గొట్టం పొడవు, స్టీరింగు కోణం, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సందు, ఇట్లా పందొమ్మిది కొలతలు రాసుకుని పని మొదలుపెట్టాను. తుప్పు పట్టిన నట్లకు మామ కిరసనాయిలు పోస్తూ, పైకి వినపడకుండా ఏ దేవుడికో మొక్కుతూ ఉన్నాడు. నూనె కారే జాకీ రెండుసార్లు మెల్లగా కూలబడింది. రెండుసార్లూ మా అత్త గడపలోంచి, "బండి ఎక్కేటట్టు లేదు, దిగేటట్టుంది" అంది. సాయంత్రానికి మాత్రం పికప్పు ఛాతీ విరుచుకుని నిలబడింది. నేను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను.

సోమవారం వంక దాటుతుంటే మామ స్టీరింగు మీద చేత్తో కొట్టి నవ్వాడు. "తగల్లేదు అల్లుడూ! ఒక్క రాయి గూడా తగల్లేదు!" ఆ వారంలో ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

తోట దగ్గర ఒక పద్ధతి ఉంది. కాయ కోసిన ఆడవాళ్లే క్రేట్లను బండిలోకి ఎత్తాలి. డ్రైవరు గానీ వాడి మనుషులు గానీ క్రేటు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే, తర్వాత మార్కెట్టులో ఏ కాయ నలిగినా తగువు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. తడి చేలో దిగితే బండి కూరుకుపోతుంది కాబట్టి గట్టు మీదే ఆగాలి. ఆడవాళ్లు కింద చేలో నిలబడి, ఇద్దరిద్దరు చొప్పున క్రేటును ఊపి పైకి నెట్టాలి. ఇన్నాళ్లూ బండి అంచు వాళ్ల భుజాల దాకా వచ్చేది. ఆ రోజు గడ్డం దాకా వచ్చింది.

మొదటి క్రేటు అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. రెండోదీ అంతే. కూలీల్లో పెద్దామె, అందరూ పెద్దక్క అనే ఆమె, కొంగు బిగించి బండిని కింది నుంచి పైదాకా చూసింది. "ఏమప్పా, దీన్ని యాడికి ఎత్తి పెట్టినావు? మేము కాయ కోసేదానికి వచ్చినామా, మిద్దె కట్టేదానికి వచ్చినామా?"

నా దగ్గర వెంటనే ఉపాయం ఉంది. ఖాళీ క్రేటు బోర్లించి, "దీని మీద నిలబడక్కా" అన్నాను. ఆమె నిలబడింది. క్రేటు ఫట్టుమని విరిగింది. ఆమె బురదలో కూలబడింది, ఒళ్లోకి టమోటాలు దొర్లాయి. "బండిని ఎత్తినావు సరే, నన్ను ఎందుకప్పా దించినావు?" అంది. అందరూ నవ్వారు. తోటాయన నవ్వలేదు. ఫోను తీసి, మాకు వినపడనంత దూరం నడిచాడు.

గంటలో చిన్న ట్రాక్టరు ఒకటి తక్కువ ఎత్తు ట్రాలీతో వచ్చింది. క్రేట్లన్నీ అందులోకి ఎక్కాయి. మేము ఖాళీగా తిరిగి వచ్చాం. వంకలో ఈసారి కూడా ఒక్క రాయీ తగల్లేదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తిడతాడని ఎదురుచూశాను. ఇల్లు వచ్చాక మామ బండి తాళం తీస్తూ, "బండిది ఏం తప్పులేదప్పా" అని లోపలికి పోయాడు.

మంగళవారమే అన్నీ విప్పి పాత ఎత్తుకు దించాం. తోటాయన మాత్రం ట్రాక్టరుకే అలవాటుపడ్డాడు. రెండు నెలలకు మామ పికప్పును అమ్మి, జూజువాడిలో వేరేవాళ్ల బండికి డ్రైవరుగా చేరాడు. పండక్కి వచ్చినప్పుడు నన్ను ఇప్పటికీ "ఇంజనీరప్పా" అనే పిలుస్తాడు. ఆ పిలుపులో వెటకారం ఉంటే బాగుండును. లేదు.

బండి అమ్మిన వారం నేను టేపు పట్టుకుని ఆ తోటకు మళ్లీ వెళ్లాను. పెద్దక్క నన్ను చూసి చేతిలో కాయల గంప పక్కన పెట్టింది. "ఏమప్పా, రవికెలు కుట్టిస్తావా మాకు?"

"కాదక్కా, ఊరికే. భుజం ఎత్తు."

ఆమె నవ్వడం మానేసి నా మొహం చూసింది. "ఆ పొద్దు ఈ టేపు ఈడికి రాలేదే" అంది. తర్వాత మిగతావాళ్లను పిలిచి, వరుసలో నిటారుగా నిలబడమని చెప్పింది. ఆనాటి నేను, ఆ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, ఇప్పుడు నాకు ఎదురైతే తిట్టను. టీ కొట్టుకు తీసుకుపోయి, వాడు స్పేసర్ల మందం గురించి ఆగకుండా చెబుతుంటే నవ్వుకుంటూ వింటాను. ఆరోజు వాడు చెప్పులు గట్టు మీద వదిలి, చేలోకి దిగి, ఒక్కొక్కరి పక్కన వంగి, పాత పందొమ్మిది కొలతల కిందే అంకెలు రాసుకున్నాడు.

ఆరుగురు. భుజం ఎత్తు సగటున నూట ఇరవై ఒక్క సెంటీమీటర్లు.