ఆఖరి ఇల్లు మాది

నిన్న నా చేతికొచ్చిన ఉత్తరం ఎండుచేపల వాసన కొట్టింది. మా ఊరికి టపా తెచ్చే పిల్ల స్కూటీ దిగదు. ఊరందరి ఉత్తరాలూ రోడ్డు మీది కిరాణా కొట్లో పడేసి పోతుంది, కొట్టువాడు వాటిని ఎండుచేపల బుట్ట మీద పెడతాడు, మూడో రోజో నాలుగో రోజో గుర్తొస్తే ఎవరిచేతనో పంపిస్తాడు. ఆ పిల్లది పర్మనెంటు ఉద్యోగం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, అది మంచి నవ్వు కాదు. ఆ ఒక్క మాట కోసం మా నాయిన పద్నాలుగేళ్లు నడిచాడు.

జూలూరుపాడుకు నాలుగు మైళ్లు లోపలికి, అడవి మొదలయ్యే చోట మా ఊరు. టపా ఉద్యోగం వెంకట్రామయ్యది. అతడు సెలవు పెట్టినప్పుడు సంచి మోసే బదిలీ మనిషి మా నాయిన ముత్తయ్య. సెలవంటే నాలుగు రోజులనుకునేరు. వెంకట్రామయ్యకు ఎండాకాలం తునికాకు కల్లాల దగ్గర గుమాస్తాగిరీ, వానాకాలం పొలం పని, చలికాలం నడుంనొప్పి. తొంభై రోజులు తెగకుండా పనిచేస్తే బదిలీ మనిషి పేరు పై ఆఫీసులో రాసుకుంటారని మా ఊళ్లో ఒక నమ్మకం. వెంకట్రామయ్యకూ ఆ నమ్మకం ఉండేది కాబట్టి, సరిగ్గా తొంభయ్యో రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఒక్కరోజు సంతకం పెట్టి, మర్నాడు మళ్లీ నడుం పట్టుకునేవాడు. నేను మా ఇంటి వెనకగోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేదాన్ని. ఎనభై తొమ్మిది గీతలు ఏడుసార్లు నిండాయి. వెంకట్రామయ్య ఉన్నన్నాళ్లూ తొంభయ్యోది ఒక్కసారీ పడలేదు.

"ఏం ముత్తయ్యా, నీ కాళ్లకు ఒక్కరోజు రెస్టు ఇస్తున్న. నాకు దండం పెట్టాలె నువ్వు" అనేవాడు. మా నాయిన నిజంగానే దండం పెట్టేవాడు. వెంకట్రామయ్య కన్నా ఆ దండమే నాకు ఎక్కువ రోత.

ఐదు ఊళ్లు, తొమ్మిది మైళ్లు ఆ దారి. ఎండలు ముదరకముందే దారంతా ఇప్పపూలు రాలి తియ్యటి మత్తు వాసన వేసేది. నాయిన తువ్వాలు కొంగున ఇన్ని మూటకట్టి తెస్తే అమ్మ ఎండబెట్టి, వేయించి, నువ్వులతో కలిపి దంచి ముద్దలు చేసేది. వానల్లో ఉత్తరాలను చొక్కా లోపల కడుపుకు ఆనించి కట్టుకుని, తను నిలువునా తడిసి వచ్చేవాడు; పొయ్యి పైన ఆరేసిన ఖాకీ సంచి నుంచి కుక్క తడిసినప్పటి వాసన రాత్రంతా వచ్చేది. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ పెరుగు సద్ది, నువ్వుల సద్ది చేసి ఎదురుచూస్తుంటే, మేము బతుకమ్మలను వాగులో వదిలి ఇంటికి మళ్లేవేళకు కాళ్లకు బురదతో ఎదురొచ్చేవాడు. గూడేలలో చదువు రానివాళ్లకు ఉత్తరం చదివిపెట్టి, జవాబు రాసిపెట్టి, మళ్లీ నడక. పిల్లలం మేమూ టపా ఆట ఆడేవాళ్లం, మోదుగాకులే ఉత్తరాలు. గచ్చకాయల్లో ఓడినవాళ్లు వెంకట్రామయ్య కావాలి. అంటే చెట్టు కింద పడుకుని నడుం మీద చెయ్యి వేసుకుని మూలగాలి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వెంకట్రామయ్యను కొత్తగూడెం వేశారు. మా దారి ఖాళీ అయింది. నాయినే సంచి మోస్తూ దరఖాస్తు పెట్టుకున్నాడు, నాలుగు నెలలు గడిచాయి. టపా ఆఫీసంటే మా బడి వరండాలో ఒక చెక్కపెట్టె; బడి పంతులే పోస్టుమాస్టరు. కార్తీకంలో ఒక గురువారం పొద్దున, సంచి విప్పుతూ పంతులు నవ్వాడు.

"ముత్తయ్యా, నీకే వచ్చింది రిజిస్టరు ఉత్తరం, ఖమ్మం నుంచి. ఇక్కడే సంతకం పెట్టి తీస్కో."

నాయిన మొహం వెలిగిపోయింది. "ఆర్డరే అయ్యుంటది సార్. గని ఇక్కడొద్దు. ఇంటికాడనే ఇయ్యాలె. ఉద్యోగం వచ్చిన్నాడే రూలు తప్పితే ఎట్ల?" అన్నాడు.

"అరె, నువ్వే కదయ్యా ఇచ్చేటోడివి!"

"అవ్ సార్. గందుకే. మాది ఆఖరి ఇల్లు."

పంతులు భుజాలు ఎగరేసి చుట్ట ముట్టించుకున్నాడు. కవరు చింపి చూడరా అని గట్టిగా ఒక్క మాట అనడానికి ఆయనకు బద్ధకం. నాయిన, బడికొచ్చి పక్కనే నిలబడ్డ నా చెవిలో, "అమ్మకు చెప్పకు బిడ్డా, నేనే తెస్త" అని చెప్పి, ఐదూళ్ల ఉత్తరాల అడుగున ఆ కవరు పెట్టుకుని, పెళ్లికి పోయేవాడిలా నడిచిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లాను. అమ్మ జొన్న గట్క, చిక్కుడుకాయ కూర పెట్టింది. "ఏందే, మూతి బిగబట్టినవ్, పన్ను నొస్తుందా?" అంది. అవునన్నాను.

పొద్దుగూకాక దడి బయట నిలబడి నాయిన, అందరిళ్ల ముందూ పిలిచినట్టే, "ముత్తయ్యా! రిజిస్టరు!" అని కేకేశాడు.

"ముత్తయ్య ఇంట్ల లేడు, టపా ఇయ్యబోయిండు" అంది అమ్మ నవ్వుతూ.

నాయిన రసీదు మీద తనే సంతకం పెట్టి, రసీదు సంచిలో వేసి, సంచి కొయ్యకు తగిలించి, కాళ్లు కడుక్కుని, అప్పుడు కవరు చింపి నాకిచ్చాడు. చదివాను. అది ఆర్డరు కాదు. మర్నాడు పొద్దున పది గంటలకు ఖమ్మంలో ఇంటర్వ్యూ. జూలూరుపాడులో ఆఖరి బస్సు నాలుగింటికే పోతుంది.

"పొద్దుగాల్నుంచి సంచిల ఏస్కొని తిరిగినవా?" అంది అమ్మ. "నీ ఉత్తరం నువ్వు ఇప్పుకోనీకి ఏం రోగం?"

"రూలు గట్లుంది."

"గా రూలు ఎంకట్రామయ్యకు లేదా?"

నాయిన చీకట్లోనే బయలుదేరి తొలి బస్సు ఎక్కాడు. అది వైరాలో ఒక టైరు మార్చుకుని పదకొండూ నలభైకి ఖమ్మం చేరింది. అప్పటికే పేర్లు పిలిచేశారు. ఉద్యోగం వెంకట్రామయ్య బామ్మర్దికి వచ్చింది. నెల తిరక్కుండా అతడికీ నడుంనొప్పి మొదలైంది. అదీ ఆ ఇంటి ఆస్తే. అంతకుముందు ఐదేళ్లు మోసిన నాయిన, చూపు తగ్గేదాకా ఇంకో తొమ్మిదేళ్లు ఆ బామ్మర్ది సంచి మోశాడు. ఊళ్లో వాళ్లు ఇప్పటికీ ఆయనను నిఖార్సైన మనిషి అంటారు. అనడానికి వాళ్లదేం పోయింది?

ఆ దారి ఇప్పుడు లేదు. సగం జామాయిల్ తోటల కింద పోయింది, రెండు గూడేలు రోడ్డు పక్కకు జరిగాయి, బడి వరండా కూలి ఆ రాళ్లతో ఎవరో గొడ్ల కొట్టం కట్టుకున్నారు. లేని దారి మీద నేను మాత్రం ఇంకా లెక్క కడుతూనే ఉన్నాను. పన్నెండింటికి గట్క తింటూ అమ్మకు చెప్పి ఉంటే, నాయిన అప్పుడు మూడో ఊళ్లో ఉంటాడు, ఇంటికి రెండు మైళ్లు. అమ్మ నడకకు నలభై నిమిషాలు, పోయి అక్కడే కవరు చింపించేది. అక్కణ్నుంచి అడ్డదారిన జూలూరుపాడు మూడు మైళ్లు, గంట. ఒంటిగంటా నలభై. ఎందుకైనా మంచిదని బయలుదేరేముందే సర్టిఫికెట్లు వెతకడానికి అమ్మకు ఇంకో అరగంట ఇచ్చి చూశాను. అయినా బస్సుకు గంటా యాభై నిమిషాలు మిగులుతాయి.