నేను కుట్టేసిన నాలుగో మూల

పదకొండేళ్ళుగా ఒక పొగడ్త మోస్తున్నాను. నిందలు మోసేవాళ్ళ గురించి విన్నాను కానీ, పొగడ్త ఇంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు. మా వాళ్ళు ఏ శుభకార్యానికి కలిసినా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, ‘సింధు చిన్నప్పుడు వాళ్ళ పెద్దమ్మ ఎంత ముచ్చటైన బొంత కుట్టింది!’ అని. నేను నవ్వుతాను. నవ్వీ నవ్వీ దవడలు అలిసిపోయాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

ఆ బొంత నేను కుట్టలేదు.

ఇంతటితో అయిపోయేదైతే బాగుండేది. వేరే వాళ్ళ పని నాదని చెప్పుకున్నాను, తప్పయిపోయింది అని చెంపలేసుకుని ఊరుకునేదాన్ని. ఇంతటితో అయిపోలేదు.

మేముండేది ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో. మావారు కరెంటు ఆఫీసులో పని చేస్తారు. మా మామయ్య ఇల్లెందు వైపు బొగ్గుబావిలో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ చిన్న ఇల్లు కట్టారు. ఆయన పోయాక అత్తమ్మ మాతోనే ఉంది. మా మరిది నరేశ్ చర్లలో టీచరు. అక్కడే నర్సుగా చేసే జ్యోతిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. జ్యోతిది అడవి పల్లె, ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే భాష కూడా వేరు. అత్తమ్మ ఒప్పుకోలేదు. పెళ్ళయ్యాక ఇద్దరూ కాళ్ళకు దండం పెట్టడానికి వస్తే గేటు దగ్గరే ఆపేసి, ‘నేను బతికుండంగ ఈ గడప తొక్కద్దు’ అంది. నరేశ్ అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు. మూడేళ్ళు రాలేదు. ఫోను చేస్తే నాతో, వాళ్ళన్నతో మాట్లాడేవాడు, అమ్మను అడిగేవాడు కాదు. ఆమె పక్కనే కూర్చుని వినేది.

జ్యోతికి ఆడపిల్ల పుట్టిందని ఫోను వచ్చింది. ఆ పిల్లే సింధు. మర్నాడు మావారు ఆఫీసుకీ మా శ్రావణి బడికీ వెళ్ళాక అత్తమ్మ పెట్టె తెరిచింది. తన పాత నేత చీరలు రెండు, మామయ్య పంచె ఒకటి తీసి మంచం మీద వేసింది.

పసిపిల్లల బొంత పెద్ద పనేం కాదు. కట్టి కట్టి మెత్తబడిన బట్ట మూడు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు వరసలుగా కుట్టుకుంటూ పోవడమే. కొత్త బట్ట పనికిరాదు, ఒంటికి గరుగ్గా ఉంటుంది. కళ్ళున్న మనిషికి వారం రోజుల పని. అత్తమ్మకు రెండు కళ్ళలోనూ పొరలొచ్చాయి. ఆపరేషనంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చింది. అందుకని ఎడమచేతి వేలితో ముందు కుట్టు ఎక్కడుందో తడిమి, దాని పక్కన సూది దించేది. పగలు మేమిద్దరమే ఉన్నప్పుడు కుట్టి, సాయంత్రం మావారు వచ్చే వేళకు పరుపు కింద దాచేది. ‘పెద్దోనికి చెప్పకు బిడ్డా, నవ్వుతడు’ అంది. అంత గొడవ చేసిన మనిషి కదా, సిగ్గుపడింది.

నలభై రోజులు పట్టింది. ఆ బొంతకు నేను చేసిన పని ఒక్కటే. రోజూ పొద్దున్న పది సూదులకు దారాలు ఎక్కించి, దిండుకు గుచ్చి పెట్టడం.

మా అత్తవారి వైపు ఒక పద్ధతి ఉంది. తొలికాన్పు పుట్టింట్లో అవుతుంది కాబట్టి నానమ్మ బొంత కుట్టి అక్కడికి పంపుతుంది. మూడు మూలలు కుట్టి, నాలుగో మూల కుట్టకుండా దారం వదిలేస్తుంది. ఐదో నెలలో బిడ్డను ఇంటికి తెచ్చినప్పుడు, గుమ్మంలోనే కూర్చుని ఆ మూల కుట్టేసి, బొంత పరిచి, దాని మీద బిడ్డను పడుకోబెడుతుంది. మూల వదిలి పంపిందంటే ‘బిడ్డను తీసుకుని రండి, నేను ఎదురుచూస్తున్నాను’ అని అర్థం. పిలుపు అన్నమాట. నరేశ్ బావి క్వార్టర్లలో ఈ బొంతల మధ్యే పెరిగాడు. ఆ సంగతి వాడికి వేరే చెప్పనక్కర లేదు.

అత్తమ్మ నా చేతికి సంచి ఇచ్చి, ‘నువ్వు పొయ్యిరా. నేను కుట్టిన్నని చెప్పు. ఇంకేం చెప్పకు. మూల చూస్తే వానికే సమజైతది’ అంది.

భద్రాచలం బస్సులో ఆ సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో ఒకసారి విప్పి చూశాను. అప్పుడు మొదలైంది. నా శ్రావణికి ఈమె బొంత కుట్టలేదు. మామయ్య పోయిన ఏడు అది పుట్టింది. ఏడాది తిరిగేదాకా సూది పట్టకూడదన్నారు, ఆమె పట్టలేదు. అది నిజమైన కారణమే. ఇవాళ నాకు అది స్పష్టంగా కనిపిస్తోంది. కానీ ఆ రోజు బస్సులో నా కడుపు ఎంత మండిందో ఎలా చెప్పను? పద్నాలుగేళ్ళుగా వండి పెట్టినదాన్ని, దవాఖానాకు తిప్పినదాన్ని, కాళ్ళు నొప్పులంటే నూనె రాసినదాన్ని నేను. నా కూతురికి పాత లంగా ముక్క కూడా కుట్టని చేతులు, గేటు దగ్గర నుంచి తరిమేసిన కోడలి బిడ్డ కోసం చూపు లేకపోయినా నలభై రోజులు కుట్టాయి. ఈ పిల్ల ఇప్పుడు ఇంటికి వస్తుంది, తల్లీకొడుకులు కలిసిపోతారు, అందరూ ఏడుస్తారు, నవ్వుతారు, ఆ హడావుడిలో నేను టీలు పెడుతూ వంటింట్లో ఉంటాను. అలా ఆలోచించాను. అసూయ అనే మాట అప్పుడు నాకు తట్టలేదు. న్యాయం అనుకున్నాను.

భద్రాచలంలో చర్ల బస్సుకు గంటకు పైగా ఆగాల్సి వచ్చింది. బస్టాండు బయటికి వెళ్ళి ఒక ఫ్యాన్సీ షాపులో సూది కొన్నాను.

ఈ సంగతి దాటేసి రాద్దామనుకున్నాను. క్షణికావేశంలో నోరు జారాననో, మాట తడబడిందనో రాస్తే మీరు కాస్త జాలిపడేవారు. కానీ నేను బెంచీ మీద నుంచి లేచాను, రోడ్డు దాటాను, షాపువాడు ఏ సైజు కావాలంటే చెప్పాను, మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చుని, అత్తమ్మ వదిలిన దారాన్నే ఆ సూదికి ఎక్కించి నాలుగో మూల కుట్టేశాను. పట్టపగలు, చుట్టూ జనం. పక్కన కూర్చున్న ఒకావిడ ‘ఎవరికమ్మా?’ అని అడిగితే ‘మా మరిది బిడ్డకు’ అని నవ్వుతూ చెప్పాను కూడా. నా చేతులు వణకలేదు. వణికాయని రాయాలని ఉంది. వణకలేదు.

చర్లలో దిగేసరికి నరేశ్ బండి మీద ఎదురొచ్చాడు. ఇంట్లో జ్యోతి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఉంది. నేను సంచిలోంచి బొంత తీసి ఇచ్చాను. నరేశ్ ముఖం విప్పారింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

‘ఎవరు కుట్టిన్రు వదినా?’

‘నేనే.’

‘నువ్వా? నీకు బొంత కుట్టుడు ఎప్పుడొచ్చింది?’

‘అత్తమ్మను చూసి నేర్చుకున్న.’

వాడు బొంతను మంచం మీద పరిచాడు. ఒక్కో మూలా చేత్తో పట్టుకుని చూశాడు. మూడు చూశాడు. నాలుగోది బొటనవేలితో అటూ ఇటూ నొక్కి నొక్కి చూశాడు. అక్కడి కుట్లు మిగతావాటి కంటే పెద్దవి. ఆ తేడా పట్టుకుంటాడేమో అనుకున్నాను. వాడు వెతుకుతున్నది కుట్లు కాదు, తెరిచి ఉన్న చోటు. అది లేదు.

‘నువ్వు గిక్కడికి వస్తున్నవని అమ్మకు ఎరుకేనా?’

‘అవ్.’

‘ఏమన్న అన్నదా?’

‘ఏమనలే.’

నరేశ్ బొంత మడిచి బిడ్డ పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. జ్యోతి నా చెయ్యి పట్టుకుంది. ‘మీ ఇంటి నుంచి ఒక్కలన్న మా పిల్లను మనిషి లెక్క చూసిన్రు, గది చాలు అక్కా’ అంటూ నా చేతిని కళ్ళకు అద్దుకుంది. నేను ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. నాకు బాగా అనిపించింది. ఆ క్షణం నాకు ఎంతో బాగా అనిపించింది, ఈ మాట కూడా చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది.

‘మూల చూసిండా?’

‘చూసిండు అత్తమ్మా.’

‘ఏమన్నడు?’

‘ఏమనలే.’

అక్కడా ఇక్కడా అదే మాట చెప్పాను. ఒక్క మాటతో తల్లీకొడుకులిద్దరినీ కొట్టాను. ఆమె మాత్రం బాధపడలేదు. ‘చూసిండు గద, వస్తడు తియ్’ అంది. చర్ల రోడ్లు మంచివి కావు, పసిబిడ్డను ఊరికే తిప్పకూడదు, ఐదో నెల నిండగానే తెస్తాడు అని తనకు తనే లెక్క చెప్పుకుంది.

ఐదో నెల వచ్చింది. ఒకరోజు నన్ను పిలిచి, ‘ఒక్క సూది ఎక్కించి పెట్టు బిడ్డా, వాళ్ళు వచ్చినంక ఎతుక్కునుడు ఎందుకు’ అంది. ఎక్కించి ఇచ్చాను. గుమ్మం పక్కన క్యాలెండరుకు గుచ్చుకుంది. అన్నీ తెలిసిన నేను ఆ దారం ఎలా ఎక్కించగలిగాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. బస్టాండులో చేసింది అసూయతో చేశాను అనుకుందాం. ఇది దేనితో చేశాను? అప్పటికి నా కోపం చల్లారింది కూడా. నిజం చెబితే నన్ను ఏమనుకుంటారో అన్న భయం ఒక్కటే మిగిలింది. ఆ భయం కోసం ఒక ముసలామెను రోజూ కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చోనిచ్చాను. బయట ఆటో ఆగితే చాలు, గోడ పట్టుకుని లేచి నిలబడేది. ఆరో నెల దాటాక లేవడం మానేసింది. అన్నం తగ్గించింది. ‘నేను అన్న మాట చిన్నది గాదు. వానికి మనసు ఇరిగింది’ అని ఒక్కసారి అంది. నేను పప్పుకు పోపు పెడుతున్నాను. తల తిప్పలేదు.

పాప తొమ్మిదో నెలలో అత్తమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మూడో రోజు పోయింది. చర్లలో సిగ్నలు దొరక్క అన్నదమ్ములకు ఫోన్లు కలిసేసరికే ఆలస్యమైంది. నరేశ్, జ్యోతి వచ్చారు. జ్యోతి చంకలో బిడ్డ, బిడ్డ చుట్టూ ఆ బొంత. నరేశ్ తల్లి కాళ్ళ మీద పడి, ‘నా బిడ్డను ఒక్కసారన్న చూడకపోతివే అమ్మా’ అని ఏడ్చాడు. అప్పుడైనా చెప్పాల్సింది. వాడి వీపు నిమిరాను. నా చెయ్యి వాడి వీపు మీద ఉంది, ఆమె కుట్టిన బొంత రెండడుగుల దూరంలో ఉంది. ఆ సాయంత్రమే ఎవరూ చూడకుండా క్యాలెండరు నుంచి ఆ సూది తీసేశాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నాను? మా శ్రావణికి ఏడో నెల. దాని అత్తవారికి ఈ బొంత పద్ధతి లేదు. జ్యోతి ఫోను చేసి, ‘సింధుకు కుట్టినట్టే కుట్టాలె అక్కా, నువ్వైతేనే గట్ల కుడతవ్’ అంది. మూడు వారాలుగా పాత చీరలు పరుచుకుని కూర్చుంటున్నాను. నాకు కుట్టడం రాదు. వరసలు వంకర పోతున్నాయి, విప్పుతున్నాను, మళ్ళీ కుడుతున్నాను. వేళ్ళు నొప్పి. అయినా ఇది చెప్పడానికి అసలు కారణం ఇది కూడా కాదు.

అసలు కారణం సింధు. మొన్న వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. ఒక మధ్యాహ్నం గోడ మీద అత్తమ్మ ఫోటో చాలాసేపు చూసి, ‘పెద్దమ్మా, నానమ్మకు నేనంటే ఎందుకు ఇష్టం లేకుండె?’ అని అడిగింది. ఏడవలేదు. ఏదో లెక్క అర్థం కానట్టు మామూలుగా అడిగింది. చిన్నప్పటి నుంచీ అలవాటైన సంగతి అడిగినట్టు అడిగింది. నేను ఏమన్నానో తెలుసా? ‘పాతకాలం మనిషి గద బిడ్డా’ అన్నాను. పిల్ల తలూపి, నా మెడ చుట్టూ చేతులేసి, ‘నువ్వు మంచిగున్నవ్ గద’ అంది.

చనిపోయినామె దగ్గర నుంచి కొడుకును తీసుకున్నాను. ఆ పిల్ల ఆమెకు ఇవ్వాల్సిన ప్రేమ కూడా నేనే తీసుకుని తింటున్నాను. ఇంకా ఎన్నేళ్ళు?

వచ్చే వారం శ్రావణి శ్రీమంతానికి వాళ్ళు ముగ్గురూ వస్తున్నారు. చెబితే నరేశ్ మళ్ళీ ఈ ఇంటికి రాకపోవచ్చు. రాకపోవడమే న్యాయం. సింధు నన్ను పెద్దమ్మా అనడం మానేయొచ్చు. నాకు ధైర్యం లేదని పదకొండేళ్ళుగా రుజువైంది కాబట్టి వచ్చే వారం ధైర్యం వస్తుందని మీకు మాటివ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఎవరి చేతుల్లో ఉందో ఆమె పోయింది.

ఆ పిల్లకు చెప్పాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తాను. ఇప్పటిదాకా కాగితం మీద కూడా రాయలేదు. చెయ్యి బాగా అలిసిపోయింది, అయినా రాస్తాను.

సింధూ, మీ నానమ్మకు నువ్వంటే ఇష్టం. నిన్ను తీసుకురమ్మని పిలిచింది. ఆ పిలుపు మీకు అందకుండా చేసింది నేను.