తాళం వదిన, కారిన పాల ప్యాకెట్లు

వీధిలో అందరూ ఆమెను తాళం వదిన అంటారు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది మరి. పాలు కళ్ళ ముందే పొంగినా, కాగాయో లేదోనని గిన్నెలోకి తొంగి చూసే మనిషి.

ఆమె ఉద్యోగమూ పాలతోనే. ప్యాకెట్లు నింపే మిషన్‌లోని చిప్‌కు ప్రోగ్రామ్ రాస్తుంది. వేడి పట్టీలు ప్యాకెట్ మూతిని పట్టుకుని కాసేపు అలాగే ఉండాలి. అప్పుడే ప్లాస్టిక్ అతుక్కుంటుంది. చిప్‌కు "కాసేపు" అంటే ఏం తెలుస్తుంది? అందుకని దానికో ఉత్తుత్తి పని అప్పజెబుతుంది: ఇంతవరకు లెక్కపెట్టు, అయ్యాక వదులు. ఆ లెక్కతో ఎవరికీ పనిలేదు. అది ముగిసేలోపు గడిచే సమయమే కావాలి.

ఆ వారం ఒక మిషన్‌లో ప్యాకెట్లు కారడం మొదలైంది. దాని దగ్గర నిలబడేది వదిన ఆడపడుచే. ఆ ఉద్యోగం ఇప్పించిందీ వదినే. "రేపటికల్లా సంగతి తేల్చండి, లేదంటే ఆ అమ్మాయిని మాన్పించేస్తా" అన్నాడు మేనేజర్.

వదిన తన ప్రోగ్రామంతా చదివింది. ఎక్కడి మాట అక్కడే ఉంది. ఇంకేముంది, అనుమానం ఆడపడుచు మీదికి మళ్ళింది. మిషన్ పక్కన వేగం పెంచే నాబ్ ఒకటుంది. అది తిప్పితే పని త్వరగా ముగుస్తుంది. పైగా ఈమధ్య ఆ పిల్ల పెందలాడే ఇల్లు చేరుతోంది.

సాయంత్రం గుమ్మంలోనే పట్టుకుంది.

"నిజం చెప్పు. నాబ్ తిప్పావా?"

"వేలు కూడా పెట్టలేదు వదినా."

"మరి ఇంత పెందలాడే ఎలా వస్తున్నావు?"

"ప్యాకెట్లు కారుతున్నాయని మిషన్ ఆపేసి నన్ను తరిమేస్తున్నారు. సరదాకి వస్తున్నానా?"

వంటింట్లోంచి అత్తగారు అరిచింది. "దాన్ని తర్వాత ఉరితీద్దువుగాని, ముందు చెప్పులు విప్పనీ!"

"మీ కూతురని వెనకేసుకొస్తున్నారు అత్తయ్యా."

"కాదే తల్లీ! నువ్వు నీ నీడనైనా సంచీ విప్పి చూపించమంటావు!"

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "నీ దగ్గర అలాంటి చిప్ ఇంకోటి ఉందిగా. నా చెయ్యి తగలకుండా ఇక్కడే నడిపించు."

వదిన భోజనాల బల్ల మీద చిన్న బోర్డు పెట్టి అదే ప్రోగ్రామ్ ఎక్కించింది. పట్టీల బదులు బుల్లి దీపం. కాసేపు వెలగాలి, కాసేపు ఆరాలి. అది ఆరనే లేదు.

"బాగానే వెలుగుతోందిగా" అంది అత్తగారు.

వదినకు అప్పుడు అర్థమైంది. దీపం ఆరుతూనే ఉంది. కంటికి ఆననంత వేగంగా ఆరి వెలుగుతోంది. మధ్యలో ఆగడమన్నదే లేదు.

వెంటనే గుర్తొచ్చింది, కొత్త కంపైలర్. తను రాసినదాన్ని చిప్ భాషలోకి మార్చే సాధనం. పాతదాన్ని తీసేసి దీన్ని తెచ్చింది తనే. ముందు ఆ ఒక్క మిషన్ మీదే చూద్దామన్నదీ తనే. మార్చినదాన్ని విప్పి చూస్తే లెక్కపెట్టే చోటు ఖాళీ. ఎవరికీ అక్కరకు రాని లెక్క ఎందుకని, కంపైలర్ ఊడ్చిపారేసింది.

"దొంగ దొరికాడా?" అంది అత్తగారు.

"దొరికాడు. నేనే పిలిచి కూర్చోబెట్టాను."

అక్కడే మేనేజర్‌కు ఫోన్ చేసింది. "తప్పు నాది. మా అమ్మాయి దేన్నీ ముట్టుకోలేదు. ఆ లెక్క జోలికి పోవద్దని కంపైలర్‌కు చెప్పి, పొద్దున్నే సరిచేస్తాను." అయితే అమ్మాయిని పనికి పంపండి అన్నాడాయన.

ఆడపడుచు టీ తెచ్చిచ్చింది. వదిన అలవాటుగా కప్పులోకి తొంగి చూసింది.

"ఏమీ కలపలేదులే, తాగు."

తాగింది. నిజంగానే ఏమీ కలపలేదు, పంచదారతో సహా. వదిన ఆ మాట పైకి అనకుండా, చివరి గుక్క దాకా తాగేసింది.