మంచుతో తప్ప ఉతకని తివాచీ

గులందాం తివాచీలు ఉతికే మనిషి. ఇరాన్‌లోని హమదాన్ ఊళ్లో మా సందు మొత్తానికీ ఆమె ఒక్కతే. కొత్త ఏడాది పండగ నౌరోజ్‌కి ముందు, చలికాలం చివరి ఎస్ఫంద్ నెలంతా ఇళ్లు దులుపుకుంటాం కదా, ఆ నెల పనే ఆమెకు ఏడాది తిండి. మొగుడు లేడు, పిల్లలు లేరు. మా ఇంటి వెనక గదిలో అద్దెకుండేది కాబట్టి ఆమె సంగతులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

ఉన్ని తివాచీ అయితే వాకిట్లో పరిచి, సబ్బులా నురగొచ్చే వేరు నానేసిన నీళ్లు పోసి, చెక్క పారతో నూగు వాలిన వైపుకే లాగేది. ఎదురు లాగిన ఆడవాళ్లను అక్కడికక్కడే కడిగేసేది. పట్టుదానికి పార తగలనిచ్చేది కాదు, అరచేతులే. నూలు జంపఖానాలను కాళ్లతో తొక్కి బండకేసి బాదేది. ఉన్ని అదిమి చేసిన నమదాను మాత్రం పిండేది కాదు, గోడకు నిలబెట్టి నీరు దిగనిచ్చేది. ఆరిందో లేదో చూడటానికి వెనకవైపు పెదవులు ఆనించేది. చెయ్యి అబద్ధం చెప్తుందట, పెదవి చెప్పదట. నలభై ఏళ్లలో ఆమె చేతిలో ఒక్క తివాచీ కూడా రంగు దిగలేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకునేది కాదు. ఎవరైనా చెప్తే ఆపేదీ కాదు.

ఒక ఏడు మా సందులోనే ఎఫ్ఫత్ ఖానం ఇంటి నుంచి పిలుపొచ్చింది. ఎఫ్ఫత్ ఖానం కొడుక్కి అప్పుడే పెళ్లయింది. కోడలు నస్తరన్‌కు అత్తగారు ఒక తివాచీ పెట్టింది. తెల్లటి నేల మీద ఎర్ర పూలు.

"మంజిష్ఠ వేరు రంగు. ఇలాంటివి ఇప్పుడు నేసేవాళ్లేరీ?" అంది ఎఫ్ఫత్ ఖానం. "ముందు టీ తాగు గులందాం."

మా మర్యాద ప్రకారం గులందాం మూడుసార్లు వద్దంది, నాలుగోసారి గ్లాసు అందుకుంది. రొట్టె, జున్ను, సీమదానిమ్మ మురబ్బా కూడా అలాగే తింది. తిన్నాక అలవాటు కొద్దీ తెల్లగుడ్డ తడిపి ఎర్ర పువ్వు మీద రుద్దింది. గుడ్డ ఎర్రబడింది. వేరూ లేదు, మంజిష్ఠా లేదు. బజారు రంగు.

ఉతికితే తెల్లనేల అంతా ఎరుపే. ఉతకనంటే, కొత్త కోడలి ముందు అత్తగారు పెట్టింది నాసిరకమని చెప్పినట్టే. వాళ్ల రొట్టె రుచి ఇంకా నోట్లో ఉండగా ఆ మాట ఎలా అంటుంది? గుడ్డను గుప్పిట్లో నొక్కేసింది.

"ఖానం, దీనికి నీళ్లు తగలకూడదు," అంది. "ఇంత గొప్పదాన్ని మంచుతోనే శుభ్రం చెయ్యాలి. మంచు పడ్డాక వస్తాను."

గ్లాసులు తీస్తున్న నస్తరన్ ఆ గుప్పిట సందులోంచి కనబడ్డ ఎర్రటి కొనను చూసింది.

నాలుగు రోజులకు మంచు పడింది. తివాచీని పొడి మంచు మీద బోర్లా పరిచి, వీపు మీద కర్రతో దబదబా బాది, ఎత్తి పక్కనున్న కొత్త మంచు మీద వేసి మళ్లీ బాదింది. దుమ్మంతా మంచుకు అంటింది. రంగు చుక్క దిగలేదు. గండం గడిచిందనుకుంది.

కానీ ఎఫ్ఫత్ ఖానం నోరు ఊరుకుంటుందా? ఆడవాళ్ల స్నానాల హమ్మామ్‌లో, రొట్టెల కొట్టు దగ్గర, ఎక్కడ పడితే అక్కడ అదే మాట. "మాది మంచుతో తప్ప ఉతకరమ్మా. గులందామే చెప్పింది." మరుసటి ఎస్ఫంద్‌కు సందులో ఒక్క ఇల్లాలు కూడా తివాచీకి నీళ్లు తగలనివ్వలేదు.

"మాదేమన్నా తక్కువ జాతిదా? మంచు పడ్డాకే రా," అన్నారు గులందాంతో అందరూ, మా వదిన కూడా.

ఆ ఏడు మంచు పడలేదు. ఎస్ఫంద్ సగం గడిచింది. గులందాం చెక్క పార గోడకు ఆనించి, గడపలో కూర్చుని ఆకాశం చూసేది. నిజం చెప్పెయ్యమన్నాను నేను.

"ఏమని చెప్పను? ఆ ఇంటి రొట్టె తిన్నాను," అంది.

నాకు ఒళ్లు మండింది. మర్యాద కడుపు నింపుతుందా?

చివరికి ఆగలేక గులందాం ఎఫ్ఫత్ ఖానం ఇంటికి వెళ్లి, జంపఖానాలైనా ఉతుకుతానని అడిగింది. "అన్నీ కలిపి మంచు పడ్డాకే," అందామె. నస్తరన్ తలుపు పక్క నిలబడి వింది.

మర్నాడే ఆ ఇంట్లోంచి కేకలు. గులందాంను పిలుచుకుపోయారు, నేనూ వెనకే వెళ్లాను. తెల్లనేల సగం గులాబీ రంగు తిరిగిపోయి ఉంది. పక్కన సగం ఖాళీ అయిన బాల్చీ.

"చూడు దీని నిర్వాకం! సలసల కాగే నీళ్లు దిమ్మరించింది," అంది ఎఫ్ఫత్ ఖానం. "పుట్టింట్లో ఏం నేర్చుకున్నావే అమ్మాయ్?"

"వేడి నీళ్లేనమ్మా. తప్పు నాదే," అంది నస్తరన్, గులందాం వైపే చూస్తూ.

గులందాం గుడ్డ ముంచడానికి బాల్చీలో చెయ్యి పెట్టింది. కాసేపు తియ్యలేదు. తర్వాత మెల్లగా అంది, "వేడి నీళ్లకు ఏ రంగైనా దిగుతుంది ఖానం."

ఆ సాయంత్రానికే సందంతా తెలిసిపోయింది. తప్పు నీళ్లది కాదు, వేడిది; మంచు కోసం కూర్చుంటే ఇలాగే తెలియని చేతులు పెడతారు, గులందాంను పిలవండి అన్నారు. మంచు మాట మరిచిపోయారు. నౌరోజ్ లోపు పదకొండు ఇళ్ల తివాచీలు ఉతికింది. ఆఖరి ఇంటి నుంచి తిరిగొచ్చి నాతో, "ఆ రోజు బాల్చీలో నీళ్లు తొట్టిలోవి. ఎముకలు కొరికేంత చల్లన," అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

తర్వాత పద్దెనిమిదేళ్లు నస్తరన్‌ను ఎవరికి పరిచయం చేసినా, "తివాచీ పాడుచేసిందే, ఆ కోడలు" అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఏటా ఆ గులాబీ తివాచీని గులందామే ఉతికేది, ఏటా నోరు మూసుకునేది. గులందాం మంచిదే. కానీ ఈ విషయంలో నాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే.

ఎఫ్ఫత్ ఖానం పోయిన మూడో రోజు పరామర్శకు అందరం ఆ తివాచీ మీదే కూర్చున్నాం. ఎవరో మచ్చను వేలితో రాస్తూ పాత కథ ఎత్తారు. గులందాం వేళ్లు అప్పటికే వంకర్లు పోయాయి. ఉన్నట్టుండి అంది, "ఆ నీళ్లు చల్లనివి."

నాకూ నస్తరన్‌కూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు. అందరూ ఆమె వైపు తిరిగారు. ఇంకా ఏదో చెప్పబోయింది. నస్తరన్ లేచి టీ గ్లాసు తెచ్చి ఆమె ముందు పట్టుకుంది.

"చలేస్తున్నట్టుంది మీకు. తాగండమ్మా."

గులందాం ఒక్కసారి కూడా వద్దనలేదు. రెండు చేతులతో అందుకుని తాగింది.