వాల్వు మూతి మీది జిగురు

ఆ కార్ల షాపులో ఈ కథని మంచితనం కథగా చెప్పుకుంటారు. "అంత జరిగినా బావని ఒక్క తిట్టు తిట్టలేదు, ఎంత పెద్ద మనసో!" అంటారు. పెద్ద మనసూ లేదు, పాడూ లేదు. ఆయన ఎవర్నీ క్షమించలేదు. క్షమించమని ఆయన్ని ఎవరూ అడగను కూడా లేదు.

ఆయన పెట్రోలు ట్యాంకులు చేసే మనిషి. ఆ షాపులో కొత్త కార్లకి పాత వేషం కడతారు. గుండ్రటి దీపాలు, పొడుగాటి ముక్కు, తలుపు కింద కాలు పెట్టి ఎక్కడానికో మెట్టు. ఇంజను నిన్నటిది, వాలకం తాతలనాటిది. అలాంటి బండికి ఏ ట్యాంకు పడితే అది పట్టదు. రేకు కత్తిరించి, వంచి, అతికి, ఒక్కోటీ చేత్తో చేయాల్సిందే. పద్దెనిమిదేళ్ళుగా ఆ బెంచీ ఆయనది.

ట్యాంకు పూర్తయ్యాక దాని నెత్తిన బ్రీదర్ వాల్వు బిగించాలి. బొటనవేలంత వస్తువు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలిని రానిస్తుంది. బండి ఖర్మకాలి పల్టీ కొడితే లోపలున్న చిన్న గుండు జారి దారి మూసేస్తుంది, పెట్రోలు కారదు. ఆయన ప్రతి వాల్వునీ బిగించే ముందు నోట్లో పెట్టుకుని ఊదేవాడు. నిలువుగా పట్టుకుంటే గాలి పోవాలి, తలకిందులుగా పట్టుకుంటే తన బుగ్గలు ఉబ్బాలి. రెండూ అయ్యాకే పానా చేతిలోకి వచ్చేది. అందుకే అందరూ ఆయన్ని 'ఊదుడు మాష్టారు' అనేవాళ్ళు.

ఆ పేరు పెట్టింది బావే. అక్క మొగుడు, అదే షాపులో పెయింటరు.

"ఏరా, వాల్వుకి ముద్దులైపోయాయా? మా చెల్లాయికి చెప్పమంటావా?" అనేవాడు బావ.

"చెప్పు బావా. నువ్వు బంపరులో నీ మీసం చూసుకుంటూ అరగంట తుడుస్తావని నేను అక్కకి చెప్తా."

ఆ బండ్లలో ట్యాంకు వెనకాల బయటికే కనిపిస్తుంది, కనక దానికీ రంగు పడాలి. నిజానికి వాల్వు రంగయ్యాక బిగించాల్సింది. కానీ తెరిచిన కన్నం పక్కన రంగు కొట్టడం తన వల్ల కాదని బావ ఒకసారి విసుక్కున్నాడు. "ముందే బిగించి ఇచ్చెయ్యరా. వాల్వు మూతికి టేపు నేనే వేసుకుంటా, రంగు ఆరాక తీసేసి దానిమీద గాలి గొట్టం కూడా నేనే తొడుగుతా." బావ అడిగాడని ఈయన సరేనన్నాడు. పరాయివాడు అడిగితే పది ప్రశ్నలు వేసేవాడే.

పళ్ళ డాక్టరు ఒకాయన ముదురాకుపచ్చ రంగు బండి చేయించుకున్నాడు. షాపు చుట్టూ రెండు వీధులు తిప్పి చూస్తే బ్రహ్మాండంగా నడిచింది. మొదటిసారి దూరం వెళ్ళిన రోజున వంతెన మధ్యలో ఆగిపోయింది. లాక్కొచ్చిన బండి వెనకాల నుంచుని చూస్తే ట్యాంకు రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి ఉంది, లంఖణాలు చేసిన మనిషి డొక్కలాగా. మూత తిప్పగానే హుస్సుమని గాలి పీల్చుకుంది.

"ఉండండి, నేను చూస్తా" అని అందరికంటే ముందు బావ కింద దూరాడు. గొట్టం లాగి, కాసేపు తంటాలు పడి బయటికొచ్చాడు. "గొట్టం శుభ్రంగానే ఉంది."

"అయితే వాల్వు పట్టేసింది" అని ఓనరు ఈయన వైపు తిరిగాడు. "ఊదావా, లేదా?"

"ఊదాననే అనుకుంటున్నానండీ."

ఆ 'అనుకుంటున్నా'నే ఆయన కొంప ముంచింది. పళ్ళ డాక్టరు అందుకున్నాడు. "ఏ పన్ను పీకానో రోగిని అడిగి తెలుసుకుంటే నా బతుకేమవుతుందయ్యా?" అందరూ నవ్వారు. మర్నాటినుంచి ట్యాంకులు బయట చేయించడం మొదలైంది. ఊదుడు మాష్టారికి తలుపుల మడతబందులు, సీటు పట్టాలు ఇచ్చారు. ఆయన బెంచీ మీద ఎవరో టిఫిన్ డబ్బాలు పెట్టుకున్నారు.

బావ భుజం మీద చెయ్యేశాడు. "మనిషన్నాక ఒకరోజు మర్చిపోతాడురా. మనసులో పెట్టుకోకు." ఆ ఓదార్పు నాలుగు నెలలు సాగింది. అక్క అంతకుముందు వారానికోసారి ఫోను చేసేది, ఇప్పుడు రోజూ చేసి "తిన్నావా?" అని అడిగేది.

ఆయనకి అన్నం సయించడం మానేసింది. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. తన నోరు తనకి తెలియకుండా ఒక వాల్వుని వదిలేసిందన్న సంగతే మింగుడుపడలేదు. భార్యని కూర్చోబెట్టి అడిగాడు.

"ఆవేళ నేను పరధ్యానంగా ఉన్నానా?"

"చల్లారిపోయిన టీని కూడా ఊదుకుని తాగే మనిషివి, వాల్వుని వదుల్తావా?" అంది ఆవిడ.

ఆయన మాత్రం నమ్మలేదు. బావ మర్చిపోయావన్నాడు కదా, తను మర్చిపోయే ఉంటాడు.

నలిగిన ట్యాంకు షాపు పెరట్లో పాత ఇనుము మధ్య పడి ఉండేది. దానిమీద కూర్చుని టీలు తాగేవాళ్ళు. ఈయన అటు వెళ్ళేవాడు కాదు. ఒకరోజు మడతబందుకి సన్నమరల ఇత్తడి నట్టు కావలసొచ్చింది. అలాంటిది ఆ వాల్వుకి ఉందని గుర్తొచ్చి వెళ్ళి విప్పాడు. నట్టు జేబులో పడింది. వాల్వు, అలవాటుకొద్దీ, నోటికి వెళ్ళింది.

గాలి సాఫీగా పోయింది. తిప్పి పట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. వాల్వు దివ్యంగా ఉంది.

నోట్లోంచి తీయబోతే పెదవి అతుక్కుంది. జిగురు. వెలుతురులోకి తెచ్చి చూశాడు. మూతి చుట్టూ ఒక పక్కన టేపు ముక్క మిగిలి ఉంది, పైన ముదురాకుపచ్చ రంగు. ఆ రంగు మీద రబ్బరు గొట్టం లోపలి గీతలు అచ్చు పడి ఉన్నాయి. అంటే టేపు తీయకుండానే దానిమీద గొట్టం తొడిగారు. గొట్టం తొడిగే మనిషి ఆ షాపులో ఒక్కడే. ఆవేళ అందరికంటే ముందు కింద దూరి టేపు పీకేసినవాడూ ఆ ఒక్కడే.

సాయంత్రం అక్కవాళ్ళింటికి వెళ్ళి వాల్వుని భోజనాల బల్ల మీద పెట్టాడు.

"బావా, దీన్ని ఊదు."

ఇదేమిటని బావ అడగలేదు. "ఎక్కడ దొరికింది?" అన్నాడు.

ఈయన వాల్వుని బావ ముందుకి ఇంకాస్త జరిపాడు. బావ గొంతు పెంచాడు. "నువ్వు చేశావని నేనెప్పుడైనా అన్నానా? ఒక్కసారైనా అన్నానా, చెప్పు!"

"అనలేదు. మర్చిపోయావన్నావు. నాలుగు నెలలు నన్ను ఓదార్చావు."

"నన్నయితే వెళ్ళగొట్టేవాడురా. నీకు నాలుగు పనులొచ్చు, నిన్ను బెంచీ మార్చి ఊరుకున్నాడు. నాకు రంగు తప్ప ఏమొచ్చు?"

అక్క గుడ్డతో బల్ల తుడుస్తోంది.

"అక్కా, నీకు తెలుసా?"

ఆవిడ వాల్వుని ఎత్తి, దానికింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. "భోంచేసి వెళ్ళు" అంది.

ఆయన వాల్వు తీసుకుని వచ్చేశాడు.

మర్నాడు ఓనరుకి చూపించాడు. నిజం నిలకడమీద తేలింది, ఓనరు కళ్ళు చెమర్చాయి అని రాయడానికి వీల్లేదు. ఓనరు వాల్వుని అటూ ఇటూ తిప్పి, "డాక్టరుకి కొత్త ట్యాంకు వేసిచ్చాం, ఆయనే మర్చిపోయాడు. మీ ఇంటి గొడవలు నా నెత్తిన రుద్దకు" అన్నాడు. ఇంకో నెలకి బెంచీ తిరిగొచ్చింది. బయట చేయించిన ట్యాంకు ఒక్కటీ బండికి పట్టకపోవడం వల్ల మాత్రమే.

ఆయన టిఫిన్ డబ్బాలు దింపి, బెంచీ తుడుచుకుని, మొదటి ట్యాంకు చేశాడు. కన్నానికి కొయ్య బిరడా చెక్కి కొట్టి, స్వయంగా రంగుల గదికి మోసుకెళ్ళాడు.

బావ ముఖం విప్పారింది. అంతా సర్దుకుందనుకున్నాడు. "ఏరా, వాల్వేదీ? ముద్దులింకా అవలేదా?"

"రంగయ్యాక నేనే బిగిస్తానండీ. గొట్టం కూడా నేనే తొడుగుతాను. మీరు బిరడా మాత్రం కదపకండి, పెయింటరు గారూ."

పక్కనున్న ఇద్దరు పకపకా నవ్వారు. బావ కూడా నవ్వాడు. "గారూ ఏంట్రా కొత్తగా?"

సాయంత్రం ట్యాంకు తీసుకెళ్ళేటప్పుడు కూడా ఆయన అలాగే పిలిచాడు. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఎవరూ నవ్వడం లేదు. నెల తిరిగేసరికి బావ కూడా 'ఏరా' మానేశాడు.

ఇది జరిగి మూడేళ్ళు. ఈమధ్య కొత్తగా చేరిన వెల్డరు రంగుల గదిలో అడిగాడు. "మీరూ ఊదుడు మాష్టారూ చుట్టాలటగా, నిజమేనా?"

"ఆయన్నే అడుగు" అన్నాడు పెయింటరు.

వెల్డరు వెళ్ళి అడిగాడు. ఆయన నోట్లో వాల్వు ఉంది, తలకిందులుగా. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. వెల్డరు కాసేపు నిలబడి చూశాడు. ఆయన ఊదుతూనే ఉన్నాడు.